ఇసుకలో పసుపు గింజలు

శ్రీకాకుళం,
11-2-1968, ఆదివారం.

నెల్లిమర్లలో ఉన్న మా చిన్నాన్న నూకయ్యకు శ్రీకాకుళం నుంచి నీలవేణి నమస్కరించి రాస్తున్నది. నేను బాగున్నాను. పిన్ని మోకాలి నొప్పి తగ్గిందని, మిల్లులో నీకు మళ్ళీ పగటి షిఫ్టు వచ్చిందని అనుకుంటున్నాను. బుల్లమ్మ కూడా క్షేమం. ఇప్పుడు అది అత్తవారింట రేవుపేటలో లేదు, నా గదిలోనే ఉంది. కంగారుపడకు, ఎందుకొచ్చిందో అంతా రాస్తాను.

నీ కార్డు అందింది. కార్డు మీద రాసే మాటలేనా అవి? మా వీధి పోస్టుమాను చదివేసినట్టున్నాడు, నన్ను జాలిగా చూసి మరీ ఇచ్చి వెళ్ళాడు. అందుకే నేను కవరు వేస్తున్నాను. "ఆ ఇసక నా కూతురి బిడ్డల్ని తిన్నాదా లేదా, నువ్వు సైన్సు సదివినావు, ఒక్క మాటలో రాయి, అవునంటే నానెళ్ళి దాన్ని తెచ్చేసుకుంటాను" అన్నావు. ఒక్క మాటలో రాయడానికి రెండు రోజులు ప్రయత్నించాను చిన్నాన్నా, కుదరలేదు. నువ్వు పాడైన గడియారం దొరికితే విప్పి చూడకుండా పడుకోలేని మనిషివి కదా, ఈ ఉత్తరాన్నీ అంత ఓపికగా చదువు.

నీకు తెలిసినవే అయినా మొదటినుంచీ రాస్తాను. బుల్లమ్మకి మొదటి కడుపు అయిదో నెలలో పోయింది. రెండోది నెలలు నిండే పుట్టింది గానీ ఒళ్ళంతా, కళ్ళ తెల్లగుడ్లతో సహా, పసుపు పూసినట్టుంది. పేరు పెట్టకముందే పోయింది. అప్పటినుంచి దాని అత్త గురమ్మ ఏ మాటలు అనేదో నీకు తెలుసు. కొడుకు లక్ష్ముడికి మరో పిల్లని చూడ్డం కూడా మొదలుపెట్టింది.

దీపావళి వెళ్ళాక రేవుపేట తీరానికి సర్వే వాళ్ళ జీపు వచ్చింది. వాళ్ళ దగ్గర ఒక పెట్టె ఉంది. దాన్ని మామూలు ఇసుక మీద పెడితే ఎప్పుడో ఒకసారి టిక్కుమంటుంది. అలలు వెనక్కి పోయాక తీరం మీద నల్లగా చార కడుతుంది చూడు, ఆ నల్ల ఇసుక మీద పెడితే పెనం మీద ఆవాలు పేలినట్టు ఆగకుండా టిక్కుటిక్కుమంటుంది. జీపు డ్రైవరు ఎవరో ఇందులో బాంబుల సరుకు ఉందని చెప్పాడట. ఇక పేటలో ఆడవాళ్ళంతా ఆ ఇసుకని చేటల్లో పోసి చెరిగి చూశారు. నల్లటి గింజల మధ్య తేనె రంగులో సన్నటి పసుపు గింజలు కనపడ్డాయి. గురమ్మ ఇంటి గచ్చు వేసింది ఆ ఇసుకతోనే. పుట్టిన బిడ్డ పసుపు, ఇసుకలో గింజలూ పసుపే. అంతే, రెండూ కలిసిపోయాయి.

ఆ రోజునుంచి గురమ్మ బుల్లమ్మని తిట్టడం మానేసింది. ఇంకో పిల్లని చూడ్డమూ మానేసింది. తన చేత్తో అంబలి కలిపి ఇచ్చిందట. బుల్లమ్మ నాతో, "అప్పా, ఆ జీపు నాకు దేవుడిలాగ వొచ్చినాది" అంది. కానీ లక్ష్ముడు పడవలో తన వాటా వదిలేసి, పేట వదిలేసి, ఎక్కడికైనా పోయి కూలి చేసుకుందామని పట్టుబట్టాడు. ఈ సంగతి నీకు చేరినట్టు లేదు.

మా కాలేజీలో ఫిజిక్సు మేష్టారు నరసింగరావుగారికి అంతా చెప్పాను. ఆయన వాల్తేరు నుంచి అలాంటి పెట్టే ఒకటి అరువు తెప్పించారు. దాన్ని కౌంటరు అంటారు. ఆయనా నేనూ పోయిన ఆదివారం పొద్దున్నే కళింగపట్నం బస్సెక్కాం. పెట్టె నా ఒళ్ళో ఉంది. దారి పొడుగునా నాకు ఒకటే గుబులు. ఇసుకదే తప్పని తేలితే లక్ష్ముడు పేట వదిలేస్తాడు. ఇసుకది కాదని తేలితే తప్పు మళ్ళీ బుల్లమ్మ నెత్తికి వస్తుంది. మేష్టారితో అదే అన్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూ, "కౌంటరు ఎంత చెబితే అంతే చెబుదాం. మిగిలింది మనకి తెలియదని చెబుదాం. తెలియదని చెప్పడానికి మొహమాటపడకు" అన్నారు. అప్పటికి నాకు అది పెద్ద ధైర్యంగా అనిపించలేదు.

మేం దిగేసరికి సగం పేట గురమ్మ వాకిట్లో ఉంది. గురమ్మ పొయ్యి మీద మంగలం పెట్టి నల్ల ఇసుక వేయిస్తోంది. దాన్ని అంతకుముందు పసుపునీళ్ళతో ఏడుసార్లు కడిగిందట. "లోపలేటున్నా మాడి సచ్చిపోవాల" అంది. మేష్టారికి ఆ ప్రయత్నం నచ్చింది. వేయించని ఇసుక ఒక దోసెడు, వేయించి చల్లార్చింది ఒక దోసెడు పక్కపక్కన పోయించి కౌంటరు పెట్టారు. రెండూ ఒకేలా టిక్కుటిక్కుమన్నాయి. గురమ్మ అపనమ్మకంగా మళ్ళీ పెట్టించింది. మళ్ళీ అంతే. ఇంటి గచ్చు మీద పెడితే మాత్రం కొంచెం నెమ్మదిగా కొట్టుకుంది.

"నిప్పుకి సావనిది ఏటుంటాది?" అని అడిగింది. అక్కడ మొదలైంది చిన్నాన్నా మా పాఠం. కాలేజీలో పిల్లలకి ఏడాదిగా చెబుతున్నాను గానీ, నన్ను ఇన్ని ప్రశ్నలు ఎవరూ అడగలేదు.

నేను చెప్పింది నీకూ చెబుతాను. ఏ వస్తువైనా కంటికి కనపడనంత చిన్న అణువులతో అయినదే. ఆ అణువు మధ్యలో ఇంకా ఎంతో చిన్నది, బరువంతా తనలోనే ఉన్నది ఒకటి ఉంటుంది, దాన్ని కేంద్రకం అంటారు. నిప్పు, నీళ్ళు, ఎండ, ఉప్పు ఇవన్నీ అణువు పైపైనే ఆగిపోతాయి. కేంద్రకం దాకా పోలేవు. టిక్కుమనేది ఆ కేంద్రకంలో జరిగే పని.

ఇది నోటితో చెబితే ఎవరికీ పట్టలేదు. బుల్లమ్మ లోపలికెళ్ళి చింతపిక్కల బుట్ట, గవ్వల డబ్బా పట్టుకొచ్చింది. చింతపిక్కలు ప్రోటాన్లు, గవ్వలు న్యూట్రాన్లు అనుకోమన్నాను. ఆ పసుపు గింజల్లో థోరియం అనే లోహం ఉంది. దాని కేంద్రకంలో పిక్కలు తొంభై, గవ్వలు నూట నలభై రెండు. బుల్లమ్మ ఓపిగ్గా లెక్కపెట్టి కుప్ప పోసింది. పిక్కలు ఎన్నుంటే దాన్ని బట్టే దాని పేరు. తొంభై ఉంటే థోరియం, ఇంకొకటి కాదు.

ఇంత పెద్ద కుప్ప స్థిరంగా ఉండలేదు. ఎప్పుడో ఒకప్పుడు అందులోంచి రెండు పిక్కలు, రెండు గవ్వలు కలిసికట్టుగా బయటికి ఎగిరిపోతాయి. నేను ఆ నాలుగూ తీసి పక్కన పెట్టాను. కుప్పలో పిక్కలు ఎనభై ఎనిమిది మిగిలాయి. ఇప్పుడది థోరియం కాదు, రేడియం. రాత్రిపూట వెలిగే గడియారాల ముళ్ళకి పూస్తారు, ఆ రేడియానికి చుట్టం. చూస్తూండగా ఒక లోహం ఇంకో లోహమైపోయింది. ఎవరూ కరిగించలేదు, ఎవరూ ఏమీ కలపలేదు.

ఆ తర్వాతది ఇంకా విచిత్రం. కుప్పలో ఉన్న ఒక గవ్వ తనంతట తనే పిక్కగా మారిపోతుంది. మారేటప్పుడు ఒక ఎలక్ట్రాను, దూదిపింజ కన్నా తేలికైనది, దూసుకుని బయటికి పోతుంది. నేను ఒక గవ్వ తీసి దాని చోట ఒక పిక్క పెట్టాను. బుల్లమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "బయటికి ఎల్లిపోయింది ఉన్నాది గదా అప్పా, మరి పిక్కలు తగ్గాలి గానీ పెరిగినాయేటి?" అంది. మేష్టారు నా వంక చూసి నవ్వారు. బి.ఎస్సీ. పిల్లలు పరీక్షల్లో తప్పేది అక్కడే. పోయింది పిక్క కాదు, గవ్వ తన రూపు మార్చుకుంటూ వదిలేసిన తునక అని చెప్పాను. "ఆ తునక ముందే గవ్వలో ఉన్నాదా?" అంది. లేదు, ఆ క్షణంలోనే పుట్టింది అన్నాను. "లేనిది ఎలాగ వొస్తాది?" అంది. అది పిక్కలతో గవ్వలతో చూపించడం కుదరదన్నాను. తెలిసినంతవరకూ అలాగే జరుగుతుందని మాత్రం చెప్పాను.

ఇంకో గవ్వ కూడా అలాగే మారేసరికి బుల్లమ్మ పిక్కలు మళ్ళీ లెక్కపెట్టింది. తొంభై. "మల్లీ మొదటిదే అయిపోనాది" అంది. పేరు అదే, థోరియమే. కానీ గవ్వలు నాలుగు తక్కువ, అది వేరే థోరియం, తొందరగా పోయేది. అక్కడినుంచి మళ్ళీ రేడియం, ఆపైన ఒక గాలి, నిమిషం కూడా నిలవనిది, ఆపైన ఇంకొన్ని. ఇలా మారుతూ మారుతూ చివరికి ఒకచోట ఆగిపోతుంది. అది సీసం. ఇక మారదు, టిక్కుమనదు.

సీసం అనగానే లక్ష్ముడు మొదటిసారి నోరు విప్పాడు. అంతవరకూ గోడకి ఆనుకుని మాకు వీపు పెట్టి వల బాగుచేసుకుంటున్నాడు. "మా వలకి కట్టే గుళ్ళు సీసమే. అయ్యి కూడా ఒకప్పుడు ఇదేనా?" అని అడిగాడు. లోకంలో ఉన్న సీసంలో కొంత ఇలా వచ్చిందే, అంతా కాదు అన్నాను. అతను గుండు ఒకటి చేతిలో బరువు చూసుకుంటూ కూర్చున్నాడు.

ఎంత కాలానికి మారుతుందని గురమ్మ అడిగింది. కుప్పెడు థోరియంలో సగం మారడానికి పద్నాలుగు వందల కోట్ల ఏళ్ళు పడుతుందంటే వాకిట్లో అందరూ నవ్వేశారు. నేను వేళాకోళం ఆడుతున్నాననుకున్నారు. అంత నెమ్మదైతే మరి ఈ పెట్టె ఆగకుండా ఎందుకు కొట్టుకుంటోందని ఎవరో అడిగారు. ఒక చిన్న గింజలో కూడా అణువులు లెక్కకి అందనన్ని ఉంటాయి, అందుకని ఎప్పుడూ ఏదో ఒకటి మారుతూనే ఉంటుంది అని చెప్పాను. బుల్లమ్మకి ఇంకో సందేహం. "అన్నిట్లోకీ ఏది ముందెళ్తాదో ఎలా తెలుస్తాది? ముసిలిదా?" తెలియదు. పాతదానికీ కొత్తదానికీ తేడా లేదు. వాటికి వయసు మీదపడదు. ఏది ఎప్పుడు పోతుందో చెప్పగలిగినవాడు ఇంతవరకూ పుట్టలేదు. ఎన్ని పోతాయో మాత్రం చెప్పగలం. ఈ మాటని బుల్లమ్మ రెండు మూడుసార్లు చెప్పించుకుంది.

అప్పుడు మేష్టారు లక్ష్ముడి పెట్రోమాక్స్ లైటు అడిగారు. దానికి కట్టే కొత్త మేంటిల్, ఆ తెల్లటి జాలీబట్ట, పొట్లం విప్పి కౌంటరు కింద పెట్టారు. గచ్చు మీద కన్నా జోరుగా కొట్టుకుంది. అందులోనూ థోరియమే, అందుకే అంత తెల్లగా వెలుగుతుంది అన్నారు. వాకిలంతా గోల. గురమ్మ మేంటిల్ వైపు పరీక్షగా చూసి, "మావోడి పెళ్ళికి ఆ లైట్లే కట్టినాం" అంది. అప్పటినుంచి ఆ పెట్టె అంటే జనానికి భయం తగ్గింది. ఎవరి చెంబు వాళ్ళు, ఎవరి విసుర్రాయి వాళ్ళు పట్టుకొచ్చి పెట్టించుకున్నారు.

నవ్వులయ్యాక గురమ్మ అందరినీ పొమ్మంది. వాకిట్లో మేమే మిగిలాం. ఆవిడ నా ఎదురుగా గొంతుక్కూర్చుని నెమ్మదిగా అడిగింది. "సూడు గుంటా, నాకు లెక్కలొద్దు. బిడ్డల్ని ఇసకే తిన్నాదా?"

నేను బస్సులో భయపడింది ఆ ప్రశ్నకే. బుల్లమ్మ పిక్కల బుట్ట ఒళ్ళో పెట్టుకుని నా మొహమే చూస్తోంది. అవునని ఒక్క మాట అంటే ఆ ఇంట్లో దానికి అంబలి దొరుకుతుంది. నిజం చెబుతున్నాను చిన్నాన్నా, నోటిదాకా వచ్చింది. కానీ అవునంటే నా అబద్ధానికి లక్ష్ముడు సముద్రాన్ని వదిలేస్తాడు. ఇంకో కాన్పు ఇంకో ఊళ్ళో అవుతుంది, అప్పుడూ బిడ్డ పసుపుగానే పుడితే ఆ నేరం ఎవరి మీద పెడతారు?

అందుకని ఇలా చెప్పాను. "అత్తా, కేరళ తీరంలో ఇంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువున్న ఇసుక మీద తరతరాలుగా మనవాళ్ళలాంటి వాళ్ళే ఉంటున్నారు, పిల్లల్ని కంటున్నారు. డాక్టర్లు ఇంకా చూస్తూనే ఉన్నారు. మీ గచ్చు దగ్గర కౌంటరు చెప్పింది కొంచెమే. ఇసుక వల్ల బిడ్డ పసుపుగా పుడుతుందని నేను ఎక్కడా చదవలేదు. ఇసుక కాదనే నా నమ్మకం. ప్రమాణం మాత్రం చెయ్యలేను."

గురమ్మ పక్కనున్న ఇసుకని చేత్తో దగ్గరికి తోసింది. తర్వాత, "ఆ అణువు లోపల ఎవులూ ఏటీ సెయ్యకుండానే అయిపోతాదన్నావు గదా. మా ఇంట్లో కూడా అలాగే అయిపోనాదనుకోమంటావా?" అంది. ఆ మాటలో వెటకారం లేదు. ఆవిడ అలా అనుకోవడానికి సిద్ధపడే అడిగింది. ఊఁ అంటే సరిపోయేది. కానీ నా మనసు ఒప్పలేదు. "అణువు సంగతి అలాగ. బిడ్డల సంగతి నేనలా అనలేదు. దానికి కారణం ఉండొచ్చు. వెతికితే దొరకొచ్చు. ఇంతవరకూ ఎవరమూ వెతకలేదు" అన్నాను.

బుల్లమ్మ బుట్ట కింద పెట్టి లేచింది. "నాను ఆస్పత్రికెళ్తాను. ఆయన కూడా రావాల. పరీచ్చలేవో ఇద్దరికీ సెయ్యమంటాను" అంది. అత్త ఎదుట అది అలా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. గురమ్మ కొడుకు వైపు చూసింది. లక్ష్ముడు సూదీ దారం పక్కన పెట్టి, "రేపు ఏటకి ఎల్లను. ఆస్పత్రికే ఎల్దాం" అన్నాడు.

సోమవారం ముగ్గురూ శ్రీకాకుళం వచ్చారు. నేను వెంట వెళ్ళాను. లేడీ డాక్టరు బుల్లమ్మని లోపలి గదిలోకి తీసుకెళ్ళి చాలాసేపు మాట్లాడింది. తర్వాత ఇద్దరి రక్తాలూ తీసి వాల్తేరు పంపింది. కాగితాలు వచ్చేదాకా బుల్లమ్మని నా దగ్గర ఉంచి తల్లీ కొడుకులు వెళ్ళారు, నిన్న కాగితాలు వచ్చే వేళకి మళ్ళీ వచ్చారు. బుల్లమ్మ రక్తం చాలా కొద్దిమందికి ఉండే రకం. లక్ష్ముడిది అందరికీ ఉండే రకం. బిడ్డకి తండ్రి రకం వస్తే, మొదటిసారి ఎలాగో గడిచినా, తల్లి ఒళ్ళు దాన్ని పరాయిదిగా గుర్తుపెట్టుకుంటుందట. రెండోసారి బిడ్డ రక్తాన్ని విరిచేస్తుందట. ఆ విరిగిన రక్తం రంగే ఆ పసుపు. మొదటి కడుపు అయిదో నెలలో ఎందుకు పోయిందో డాక్టరు చెప్పలేకపోయింది గానీ, ఆ పసుపు బిడ్డ సంగతి మాత్రం ఖాయంగా చెప్పింది. ఇసుకకీ దానికీ సంబంధం లేదంది.

గురమ్మ అంతా విని, "అయితే నా కొడుకు రగతం కూడా ఉన్నాదన్నమాట ఇందులో" అంది. ఇద్దరిలో ఎవరి తప్పూ కాదని డాక్టరు అంటే, "తప్పు గురించి కాదమ్మా, తెలుసుకుందామని అడిగినాను" అంది. బయటికొచ్చాక బుల్లమ్మ కొంగు సర్ది, తలకి రాసుకోమని నూనె కొనిచ్చింది. నాకు అది చాలనిపించింది.

వచ్చే కాన్పు పెద్దాసుపత్రిలోనే జరగాలని, బిడ్డ పుట్టగానే దాని రక్తం తీసి కొత్త రక్తం ఎక్కించే పద్ధతి ఉందని, అలా బతికిన పిల్లలున్నారని డాక్టరు చెప్పింది. తల్లీ కొడుకులు నిన్ననే తిరిగి రేవుపేట వెళ్ళిపోయారు. ఇంకో పరీక్ష ఉందని బుల్లమ్మని నా దగ్గరే ఉంచారు. ఈ వారమంతా అది రోజూ నాతో కాలేజీకి వచ్చి లాబొరేటరీలో ఓ మూల కూర్చుని, కనపడినదానికల్లా ఇదేటి అదేటి అని మేష్టారిని విసిగిస్తోంది. ఆయన విసుక్కోవడం లేదు.

కాబట్టి చిన్నాన్నా, నీ ప్రశ్నకి జవాబు: ఇసుక కాదు. బుల్లమ్మని తెచ్చేసుకోవాల్సిన పనీ లేదు. కోపంతో రేవుపేట వెళ్ళకు. లక్ష్ముడు మంచివాడు, అతనికి భయమేసింది, అంతే. గచ్చు మీద ఎర్రమట్టి వేసి అలుకుతానన్నాడు. దాని వల్ల నష్టమేమీ లేదు, వేసుకోనీ.

పిన్నికి నా నమస్కారాలు. ఈ కవరు నువ్వే చదువుకో, మీ మిల్లు క్వార్టర్ల లైన్లలో ఎవరిచేతా చదివించకు.

నీ చేతుల మీద పెరిగిన
నీలవేణి

తా.క. సోమవారం సాయంత్రం.

నిన్న ఈ ఉత్తరం ముగించి బుల్లమ్మకి చదివి వినిపించాను. అంతా విని, "అన్నీ రాసినావు గానీ అప్పా, ఒకటి రాయలేదు" అంది. నాకు తెలిస్తే కదా రాయడానికి. దానికి నాలుగో నెల. మేం కౌంటరు పట్టుకుని వెళ్ళేనాటికే దానికి తెలుసు. అత్తకి చెప్పలేదు, మొగుడికి చెప్పలేదు. ఈ ఇసుక మీద ఈ బిడ్డనైనా నిలుపుకోవచ్చో లేదో తేలాకే చెబుదామని దాచుకుంది. ఆ రోజు వాకిట్లో అందరికన్నా ఎక్కువ ప్రశ్నలు అది ఎందుకు అడిగిందో నాకు ఇప్పుడు అర్థమైంది. లేడీ డాక్టరుకి లోపలి గదిలోనే చెప్పేసిందట.

పొద్దున్న డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. బిడ్డకి ఎక్కించడానికి బుల్లమ్మ రకం రక్తమే కావాలి. ఇక్కడ దొరకడం కష్టమట. నాది చూశారు, కుదరలేదు. బుల్లమ్మని కన్నవాళ్ళలో, అంటే నువ్వూ పిన్నీ, ఎవరిదైనా కుదరవచ్చు, కుదరకపోనూవచ్చు, చూస్తేగాని తెలియదంది.

పైన నువ్వు రావాల్సిన పని లేదన్నట్టు రాశాను. అది కొట్టెయ్యి. మిల్లులో సెలవు పెట్టి, పిన్నిని కూడా తీసుకుని, దొరికిన బండికి ఆమదాలవలసలో దిగు. నేను స్టేషనుకి వస్తాను. కూతుర్ని తీసుకుపోవడానికి కాదు చిన్నాన్నా, నీ చెయ్యి చాపి రక్తం చూపించుకోవడానికి.